లూసర్న్ (పశుగ్రాసం)

లూసర్న్ లేదా అల్ఫాల్ఫా చిక్కుడు కుటుంబానికి (ఫాబేసి) చెందిన బహువార్షిక పశుగ్రాసపు మొక్క. దీని శాస్త్రీయ నామం మెడికాగో సటైవా. మాంసకృత్తులు, కాల్షియం, కెరోటిన్ సమృద్ధిగా ఉండటం వలన, ఒకసారి విత్తితే పలుమార్లు కోతకు రావడం వలన దీనిని "పశుగ్రాసాలలో రాణి" అంటారు. పాడి పశువులకు, గుర్రాలకు, గొర్రెలకు, మేకలకు, కుందేళ్ళకు దీనిని పచ్చిమేతగా గాని ఎండుగడ్డిగా గాని వాడతారు.

ఈ పంట పోషక విలువ ఆకులోను, ఆయుష్షు వేరులోను ఉన్నాయి. మరీ లేతగా కోస్తే మేత శ్రేష్ఠంగా ఉంటుంది గాని వేరు బలహీనపడి మొక్క త్వరగా చనిపోతుంది. ముదిరేదాకా ఆగితే వేరు బలపడుతుంది గాని ఆకు రాలిపోయి, కాండం పీచుగా మారుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకం పాటించడమే లూసర్న్ సేద్యంలో కీలకం.

పేర్లు

ప్రాచీన గ్రీకులు ఈ మొక్కను "మీడియా దేశపు గడ్డి" అని పిలిచారు. మీడియా నేటి ఇరాన్ వాయవ్య ప్రాంతంలోని పురాతన రాజ్యం. మెడికాగో అనే ప్రజాతి నామం దాని నుండి ఏర్పడింది. సటైవా అంటే లాటిన్ భాషలో "విత్తి పెంచేది" అని అర్థం. అల్ఫాల్ఫా అనే పేరు అరబ్బీ నుండి స్పానిష్ భాష ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. దానికి మూలమైన పర్షియన్ పదానికి "గుర్రపు మేత" అని అర్థం. తమిళంలో దీనిని కుదిరై మసాల్ అనీ, కన్నడంలో కుదురె మెంతె అనీ అంటారు. ఈ రెండు పేర్లలోను గుర్రమే ఉన్నది. హిందీలో రిజ్కా, గుజరాతీలో రజకో అని పిలుస్తారు. తెలుగు రైతులు, పశువైద్యులు ఎక్కువగా లూసర్న్ అనే పేరునే వాడుతున్నారు.

దశరథ గడ్డిని హెడ్జ్ లూసర్న్ అని కూడా పిలవడం వలన కొందరు ఈ రెండూ ఒకటే అనుకుంటారు. దశరథ గడ్డి (డెస్మాంథస్ వర్గేటస్) తుమ్మ, అత్తిపత్తి వర్గానికి చెందిన పొద. దానికి చింతాకు వంటి చిన్న చిన్న ఆకులు, తెల్లని పూలు ఉంటాయి. లూసర్న్ ఆకులు మెంతి ఆకును పోలి ఉంటాయి. పూలు ఊదా రంగులో ఉంటాయి.

చరిత్ర

ఇరాన్, కాకసస్, అనటోలియా ప్రాంతాలను లూసర్న్ జన్మస్థానంగా భావిస్తున్నారు. క్రీ.పూ. 5వ శతాబ్దపు పర్షియన్ దండయాత్రల కాలంలో ఇది గ్రీసుకు చేరినట్లు రోమన్ రచయిత ప్లినీ పేర్కొన్నాడు. మరొక రోమన్ రచయిత కొలుమెల్లా తన వ్యవసాయ గ్రంథంలో దీని సేద్య విధానాన్ని వివరించాడు. చైనాకు ఇది గుర్రాలతో పాటు వెళ్ళింది. హాన్ చక్రవర్తి పంపిన చాంగ్ చియెన్ క్రీ.పూ. 126లో మధ్య ఆసియా నుండి తిరిగి వచ్చి, ఫర్గానా లోయలోని మేలుజాతి గుర్రాలను గురించి తెలిపాడు. తరువాత హాన్ రాయబారులు ఆ గుర్రాలు తినే లూసర్న్ విత్తనాలను కూడా చైనాకు తెచ్చారు.

స్పెయిన్ వలసవాదులు 16వ శతాబ్దంలో ఈ పంటను అమెరికా ఖండాలకు తీసుకువెళ్ళారు. 1850 ప్రాంతంలో, కాలిఫోర్నియా బంగారు వేట రోజులలో, చిలీ దేశం నుండి వచ్చిన విత్తనంతో అక్కడ లూసర్న్ సాగు విస్తరించింది. ఆ రకం చలిప్రాంతాలలో నిలువలేకపోయింది. 1857లో జర్మనీ నుండి అమెరికాలోని మినెసోటాకు వలస వచ్చిన వెండెలిన్ గ్రిమ్ అనే రైతు తనతో తెచ్చిన కొద్దిపాటి విత్తనాన్ని విత్తాడు. ఏటా శీతకాలంలో చాలా మొక్కలు చనిపోయేవి. అతడు బ్రతికిన మొక్కల నుండే విత్తనం సేకరించి మళ్ళీ విత్తేవాడు. ఇలా కొన్ని సంవత్సరాలకు చలిని తట్టుకొనే రకం రూపొందింది. ఇది గ్రిమ్ అల్ఫాల్ఫా పేరుతో ప్రసిద్ధి చెందింది.

మొక్క లక్షణాలు

లూసర్న్ మొక్క 60 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతుంది. ఒక్కో ఆకులో మూడు పత్రకాలు ఉంటాయి. పూలు గుత్తులుగా పూస్తాయి. కాయలు నత్తగుల్ల వలె మెలితిరిగి ఉంటాయి. గింజలు చాలా చిన్నవి. 1000 గింజల బరువు సుమారు 2 గ్రాములు మాత్రమే.

తల్లివేరు నేలలోకి సాధారణంగా 2–3 మీటర్ల లోతుకు, అనువైన నేలల్లో 5 మీటర్లకు మించి కూడా దిగుతుంది. అందువలన ఇతర పైర్లకు అందని లోతులోని తేమను ఈ మొక్క తీసుకోగలదు. నేల మట్టానికి సమీపంలో, వేరు కాండం కలిసే చోట మొదలు లావుగా ఉంటుంది. కోసిన ప్రతిసారీ కొత్త పిలకలు ఈ మొదలు నుండే వస్తాయి. ఆ పిలకలు ఎదగడానికి తొలిరోజులలో కావలసిన ఆహారం వేరులో నిల్వ ఉన్న పిండిపదార్థాల నుండి లభిస్తుంది. కోత తరువాత సుమారు రెండు వారాల పాటు ఈ నిల్వ తరుగుతుంది. ఆకు బాగా ఏర్పడిన తరువాత మళ్ళీ పెరుగుతూ, పూత సమయానికి పూర్వస్థితికి చేరుతుంది.

వేర్లపై ఉండే బుడిపెలలో సైనోరైజోబియం మెలిలోటి అనే బాక్టీరియా నివసిస్తుంది. ఇది గాలిలోని నత్రజనిని మొక్కకు ఉపయోగపడే రూపంలోకి మారుస్తుంది. ఈ విధంగా హెక్టారుకు సంవత్సరానికి 100 నుండి 200 కిలోల వరకు, అనుకూల పరిస్థితులలో అంతకు మించి కూడా నత్రజని స్థిరీకరించబడుతుంది.

వాతావరణం, నేలలు

15 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, పొడి వాతావరణం ఈ పంటకు అనుకూలం. నీటి వసతి ఉంటే ఎండలను తట్టుకోగలదు. అధిక తేమతో కూడిన వేడి, వానాకాలంలో నిలిచే నీరు దీనికి హానికరం. భారతదేశంలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్ర, తమిళనాడు రాష్ట్రాలలో దీని సాగు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బోరు లేదా బావి నీటి వసతి గల పాడి రైతులు చిన్న విస్తీర్ణాలలో పెంచుతారు.

మురుగునీరు పోయే సౌకర్యం గల లోతైన గరప నేలలు శ్రేష్ఠమైనవి. నేల ఉదజని సూచిక 6.5 నుండి 7.5 మధ్య ఉండటం మంచిది. ఆమ్ల నేలల్లో వేరుబుడిపెలు సరిగా ఏర్పడవు కాబట్టి విత్తడానికి ముందే సున్నం వేయాలి. నీరు నిలిచే పల్లపు భూములలో వేర్లు కుళ్ళి, పైరు మొదటి వానాకాలంలోనే పలుచబడుతుంది. అటువంటి భూములలో ఈ పంట వేయకపోవడమే మంచిది.

రకాలు

భారతదేశంలో సాగులో ఉన్న రకాలలో కొన్ని:

* ఆనంద్-2: గుజరాత్‌లోని ఆనంద్‌లో రూపొందినది. విస్తృతంగా సాగులో ఉన్నది.
* ఆర్.ఎల్.-88: మహారాష్ట్రలోని రాహురి వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన బహువార్షిక రకం.
* కో-1: తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, కోయంబత్తూరు విడుదల చేసినది.
* చేతక్: ఝాన్సీలోని భారతీయ పచ్చికబయళ్ళు, పశుగ్రాస పరిశోధనా సంస్థ రూపొందించినది.

విత్తడం

తెలుగు ప్రాంతాలలో వానలు తగ్గిన తరువాత అక్టోబరు, నవంబరు నెలలలో విత్తుతారు. చలికాలంలో మొక్కలు వేరూనుకొని, ఎండలు ముదిరేనాటికి బలపడతాయి.

గింజ చిన్నది కాబట్టి నేలను మెత్తగా దున్ని, చదును చేసి, చిన్న మడులుగా విభజించాలి. ఎకరాకు 8 నుండి 10 కిలోల విత్తనం వెదజల్లుతారు. 25–30 సెంటీమీటర్ల దూరంలో సాళ్ళలో వేస్తే 5–6 కిలోలు సరిపోతుంది. కలుపు తీయడానికి కూడా వీలుగా ఉంటుంది. గింజ 1–2 సెంటీమీటర్ల కంటే లోతున పడితే మొలక పైకి రాలేదు.

మొదటిసారి లూసర్న్ వేసే పొలంలో తగిన బాక్టీరియా ఉండకపోవచ్చు. అందుచేత విత్తనానికి రైజోబియం కల్చరు పట్టించడం అవసరం. బెల్లపు నీటిని మరిగించి, చల్లార్చి, అందులో కల్చరును కలిపి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాలి. వేరుశనగకో మినుముకో ఉద్దేశించిన కల్చరు దీనికి పనికిరాదు. లూసర్న్‌కు ప్రత్యేకించినదే వాడాలి.

ముదురు లూసర్న్ మొక్కల నుండి నేలలోకి చేరే కొన్ని పదార్థాలు అదే జాతి లేత మొలకలను ఎదగనీయవు. దీనిని స్వయంవిషప్రభావం అంటారు. అందువలన పాత తోటలో అక్కడక్కడ ఏర్పడిన ఖాళీలలో మళ్ళీ లూసర్న్ విత్తితే సాధారణంగా ఫలితం ఉండదు. పాత పైరును తీసివేసి, జొన్న లేదా మొక్కజొన్న వంటి పంటను పండించిన తరువాతనే తిరిగి వేయాలి. లూసర్న్ నేలలో వదలిన నత్రజని ఆ పంటకు ఉపయోగపడుతుంది.

ఎరువులు, నీరు

ఆఖరి దుక్కిలో ఎకరాకు 8–10 టన్నుల చివికిన పశువుల ఎరువు వేయాలి. మొలక దశలో బుడిపెలు పనిచేయడం ప్రారంభించే వరకు 8–10 కిలోల నత్రజని చాలును. భాస్వరం ఎక్కువగా, అంటే ఎకరాకు 30–40 కిలోలు అవసరం. ఇది సుమారు 200–250 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌కు సమానం. పొటాష్ సుమారు 15 కిలోలు వేస్తారు. ప్రతి కోతతోనూ పొలం నుండి భాస్వరం, పొటాష్ తరలిపోతాయి కనుక ఏటా మళ్ళీ వేయాలి. యూరియాను ఎక్కువగా వేస్తే బుడిపెలు మందగించి, కలుపు మాత్రం బాగా పెరుగుతుంది.

విత్తిన వెంటనే ఒక తడి, తరువాత మొక్కలు నిలదొక్కుకొనే వరకు వారానికి ఒక తడి ఇస్తారు. ఆపైన చలికాలంలో 12–15 రోజులకు, వేసవిలో 8–10 రోజులకు ఒకసారి పెట్టాలి. కోత అయిన తరువాత పెట్టే తడి ముఖ్యమైనది. కోతకు ముందు రెండు మూడు రోజులు నీరు ఆపితే నేల గట్టిపడి కోయడం సులభమవుతుంది.

కలుపు, బంగారు తీగ

తొలి రెండు నెలలు మొక్కలు నెమ్మదిగా పెరుగుతాయి. ఈ కాలంలో రెండుసార్లు కలుపు తీయకపోతే పైరు పలుచబడుతుంది. తరువాత తరచూ కోయడం వలన ఏకవార్షిక కలుపు మొక్కలు చాలావరకు తగ్గిపోతాయి.

లూసర్న్‌కు ప్రధాన శత్రువు బంగారు తీగ (కస్క్యూటా). దీనినే కొన్నిచోట్ల సీతమ్మ పోగునూలు అని కూడా అంటారు. ఆకులు లేని ఈ పసుపుపచ్చని తీగ లూసర్న్ కాండాన్ని చుట్టుకొని, దానిలోకి పీల్చే వేళ్ళను దించి ఆహారాన్ని గ్రహిస్తుంది. ఒక్కో మొక్క వేల కొద్దీ గింజలనిస్తుంది. అవి నేలలో పదేళ్ళకు పైగా మొలకెత్తే శక్తిని కోల్పోకుండా ఉండగలవు. పశువు పొట్టలో కూడా కొన్ని గింజలు నశించక పేడతో తిరిగి పొలానికి చేరతాయి. ఈ తీగ సాధారణంగా విత్తనంతోనే పొలంలోకి వస్తుంది. దాని గింజలు లూసర్న్ గింజల పరిమాణంలోనే ఉండటం వలన మామూలు జల్లెడతో పూర్తిగా వేరుచేయలేము. కాబట్టి ధ్రువీకరించిన విత్తనం కొనడమే మేలైన నివారణ. పొలంలో తీగ కనిపిస్తే పూత రాకముందే, ఆ చుట్టుపక్కల లూసర్న్ మొక్కలతో సహా మొదలంటా కోసి అక్కడే కాల్చివేయాలి.

చీడపీడలు

లూసర్న్ ముక్కుపురుగు (హైపెరా పోస్టికా) గ్రబ్బులు లేత ఆకులను తిని ఈనెలను మాత్రం మిగులుస్తాయి. పేనుబంక, పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కూడా ఆశిస్తాయి. తెగుళ్ళలో ఆకుమచ్చ, తుప్పు, బూజు తెగులు ముఖ్యమైనవి. కోత దగ్గరపడినపుడు పురుగు కనిపిస్తే మందు చల్లడం కంటే కొద్ది రోజులు ముందుగా కోయడం మంచిది. మేతపై చల్లిన మందుల అవశేషాలు పాలలోకి చేరే అవకాశం ఉంది. తప్పనిసరై చల్లితే, ఆ మందుకు నిర్దేశించిన గడువు ముగిసే వరకు మేతను పశువులకు వేయరాదు.

కోత, దిగుబడి

మొదటి కోత విత్తిన 55–65 రోజులకు వస్తుంది. తరువాత 25–30 రోజులకు ఒకటి చొప్పున, చలికాలంలో మరికొన్ని రోజులు ఆలస్యంగా కోయవచ్చు. పైరులో పదవ వంతు మొక్కలు పూతకు వచ్చిన దశ కోతకు అనువైనది. ఆ సమయానికి వేరులో ఆహారం తిరిగి నిల్వ అయి ఉంటుంది. ఆకు ఇంకా రాలడం మొదలవదు. నేల నుండి 7–8 సెంటీమీటర్ల ఎత్తులో కోయాలి. 15–20 రోజులకే వరుసగా కోస్తూ పోతే వేరులోని నిల్వ తరిగి, కొన్ని కోతల తరువాత మొక్కలు చనిపోతాయి. చిగుళ్ళను పశువులు నేరుగా మేసివేసినా ఇదే జరుగుతుంది.

మంచి యాజమాన్యంలో సంవత్సరానికి 8–10 కోతలలో ఎకరాకు 25 నుండి 32 టన్నుల పచ్చిమేత లభిస్తుంది. పైరు చల్లని దేశాలలో ఐదారేళ్ళు, అంతకు మించి కూడా నిలుస్తుంది. మన ప్రాంతంలో వానాకాలపు నష్టం వలన సాధారణంగా రెండు మూడేళ్ళకు పలుచబడుతుంది.

రెండు పాడి పశువులకు ఒక్కొక్కదానికి రోజుకు 10 కిలోల చొప్పున వేస్తే ఏడాదికి సుమారు 7.3 టన్నులు కావాలి. ఎకరాకు 28 టన్నుల దిగుబడి లెక్కన ఇందుకు సుమారు 10 గుంటలు, అంటే 25 సెంట్ల భూమి చాలును. ఈ భూమిని 28 లేదా 30 మడులుగా విభజించి రోజుకు ఒక మడి కోస్తే, చివరి మడి కోసేనాటికి మొదటి మడి మళ్ళీ కోతకు సిద్ధంగా ఉంటుంది.

పోషక విలువలు

పచ్చి లూసర్న్‌లో సుమారు 80 శాతం నీరు, 20 శాతం పొడిపదార్థం ఉంటాయి. పొడిపదార్థంలో మాంసకృత్తులు 18–22 శాతం ఉంటాయి. ఆకులోని మాంసకృత్తులు కాండంలోని వాటికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతానికి మించవు.

10 కిలోల పచ్చి లూసర్న్‌లో 2 కిలోల పొడిపదార్థం, అందులో సుమారు 400 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఇది 20 శాతం మాంసకృత్తులు గల 2 కిలోల దాణాలో ఉన్నదానికి సమానం. 4 శాతం వెన్న గల ఒక కిలో పాల ఉత్పత్తికి ఆవుకు సుమారు 90 గ్రాముల మాంసకృత్తులు అవసరమని లెక్క. కనుక శరీర పోషణకు కావలసినది ఇతర మేత నుండి లభిస్తే, 10 కిలోల లూసర్న్ నాలుగు లీటర్లకు పైగా పాలకు తగిన మాంసకృత్తులను అందిస్తుంది. చిన్న రైతుకు దాణా ఖర్చు తగ్గడం ఈ విధంగానే. అధిక పాలిచ్చే పశువులకు మాత్రం శక్తి కోసం దాణా తప్పనిసరి.

లూసర్న్‌లో కాల్షియం ఎక్కువ, భాస్వరం తక్కువ. అందుచేత తవుడు వంటి భాస్వరం గల పదార్థాలను, ఖనిజ లవణ మిశ్రమాన్ని తోడుగా ఇవ్వాలి. ఈనడానికి ముందు రెండు మూడు వారాలు చూడి పశువులకు దీనిని ఎక్కువగా వేయరాదు. అధిక కాల్షియం, పొటాషియం వలన ఈనిన వెంటనే పాలజ్వరం వచ్చే అవకాశం పెరుగుతుంది.

కడుపుబ్బరం

లూసర్న్ వలన కలిగే ప్రధాన ప్రమాదం కడుపుబ్బరం. లేత ఆకులలోని కరిగే మాంసకృత్తులు నెమరువేసే పశువు మొదటి పొట్టలో త్వరగా విడుదలై, అక్కడి వాయువులను నురుగులో బంధిస్తాయి. వాయువు త్రేన్పుల ద్వారా బయటకు పోలేక పొట్ట ఉబ్బుతుంది. ఎడమ డొక్క పైకి లేవడం, పశువు మేత మానివేయడం, కాళ్ళతో పొట్టను తన్నుకోవడం, నోరు తెరచి శ్వాసించడం దీని లక్షణాలు. ఉబ్బిన పొట్ట ఊపిరితిత్తులను ఒత్తడం వలన కొద్ది గంటలలోనే పశువు మరణించవచ్చు.

నివారణకు పాటించవలసిన జాగ్రత్తలు:

* కోసిన మేతను కొన్ని గంటలు వాడ్చి వేయాలి.
* ముక్కలుగా నరికి వరిగడ్డి, జొన్న చొప్ప లేదా నేపియర్ గడ్డితో కలిపి వేయాలి. పచ్చిమేతలో లూసర్న్ మూడవ వంతుకు మించకపోవడం మంచిది.
* ఆకలితో ఉన్న పశువుకు ముందుగా ఎండుమేత వేయాలి.
* మంచుతో లేక వానతో తడిసిన పైరును మేపరాదు. పశువులను పైరులోకి వదలరాదు.
* కొత్తగా ప్రారంభించినపుడు వారం, పది రోజులలో కొద్దికొద్దిగా పెంచాలి.

ఉబ్బరం కనిపించిన వెంటనే మేతను ఆపి, పశువైద్యుని పిలవాలి. వేరుశనగ నూనె వంటి వంటనూనె నురుగును విరగగొడుతుంది. దీనిని నిదానంగా తాగించాలి. తల మరీ పైకెత్తి పోస్తే నూనె ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం ఉంది. గుర్రాలు, కుందేళ్ళు నెమరువేయవు కనుక వాటికి ఈ విధమైన నురుగు ఉబ్బరం రాదు.

ఎండుగడ్డి

మిగులు మేతను ఎండబెట్టి నిల్వ చేయవచ్చు. ఆకు కాండం కంటే ముందుగా ఎండి, కదిలిస్తే పొడిగా రాలిపోతుంది. రాలిన ఆకుతో పాటు మాంసకృత్తులూ పోతాయి. కాబట్టి ఎర్రటి ఎండలో కాక, ఉదయం మంచు తేమ ఉన్నపుడే గడ్డిని తిరగవేస్తారు. సగం ఎండిన తరువాత నీడలో ఆరబెడతారు. తేమ 15–18 శాతానికి తగ్గిన తరువాతనే నిల్వ చేయాలి. తేమ ఎక్కువగా ఉన్న గడ్డిని వామి వేస్తే బూజు పడుతుంది. ఒక్కొక్కసారి లోపలి వేడి పెరిగి దానంతట అదే అంటుకొంటుంది కూడా. ఎండుటాకు పొడిని కోళ్ళ దాణాలో కొద్దిగా కలిపితే గుడ్డులోని పచ్చసొనకు మంచి రంగు వస్తుంది.

విత్తనోత్పత్తి

లూసర్న్ పువ్వులో కేసరాలు, అండకోశం కింది రెక్కలలో బిగించి ఉంటాయి. కీటకం వాలినపుడు అవి ఒక్కసారిగా విడివడి కీటకాన్ని తాకుతాయి. తేనెటీగలు ఈ దెబ్బను తప్పించుకొనేందుకు పక్క నుండి తేనె గ్రహించడం నేర్చుకొంటాయి. అప్పుడు పరాగసంపర్కం సరిగా జరగదు. అందువలన అమెరికా, కెనడాలలో ఆకుకత్తిరించే ఈగలను (మెగాకైలి రొటుండేటా) విత్తన పొలాల కోసం ప్రత్యేకంగా పెంచుతారు. మన దేశంలో చలికాలపు కోతల తరువాత పైరును పూతకు వదలి, పొడి ఎండలలో గింజ కట్టనిస్తారు.

నీటి వినియోగం

లూసర్న్ ఏడాది పొడవునా పచ్చగా ఉండే పంట కనుక మొత్తం మీద ఎక్కువ నీటిని వాడుకొంటుంది. ఎడారి ప్రాంతాలలో ఇది వివాదాలకు దారితీసింది. సౌదీ అరేబియా తన భూగర్భ జలాలను కాపాడుకొనేందుకు 2015లో పచ్చిమేత సాగును దశలవారీగా తగ్గించాలని నిర్ణయించి, మేతను దిగుమతి చేసుకోసాగింది. అమెరికాలోని అరిజోనాలో ప్రభుత్వ భూములను కౌలుకు తీసుకొని, భూగర్భ జలంతో లూసర్న్ పండించి సౌదీ అరేబియాకు ఎగుమతి చేస్తున్న ఒక సంస్థ కౌళ్ళపై విమర్శలు వచ్చాయి. బట్లర్ లోయలోని ఆ కౌళ్ళను ముగిస్తున్నట్లు 2023 అక్టోబరులో అరిజోనా గవర్నరు ప్రకటించారు.

తెలుగు రాష్ట్రాలలో వేసవికి బోర్లు ఎండిపోయే గ్రామాలలో లూసర్న్‌ను ఇంటి పశువులకు సరిపడే కొద్ది విస్తీర్ణానికే పరిమితం చేయడం మంచిది. నీటి వసతి లేని మెట్ట భూములలో స్టైలో, దశరథ గడ్డి, అలసంద వంటి పప్పుజాతి పశుగ్రాసాలు మాంసకృత్తుల అవసరాన్ని కొంతవరకు తీర్చగలవు. బర్సీమ్ కూడా లూసర్న్‌కు దీటైన మేతే గాని, దానికి దీర్ఘమైన చలికాలం, సమృద్ధిగా నీరు కావాలి. అందుచేత అది ఉత్తర భారతదేశానికి అనువైనది. నీరు నిలువని నేల, ఏడాది పొడవునా తడి ఇవ్వగల వసతి, నాణ్యమైన విత్తనం ఉన్నచోట లూసర్న్ పాడి రైతుకు లాభదాయకమైన పంట.